ఆగస్టు 15ను శుక్రవారానికి జరిపితే తప్పేమీ లేదు

“విదేశాల్లో ఉన్నవాళ్లు ఆగస్టు 15ను ఆ వారం సెలవు రోజుకు జరిపి చేసుకోవడం జెండాను అవమానించడం కాదా?” అని ఒకరు నన్ను అడిగారు. కాదు. ఇలా అడిగేవాళ్లెవరూ ఆగస్టులో కువైట్ చూసి ఉండరని నా గట్టి నమ్మకం.

మాది కడప. పెళ్లయ్యాక చాలా ఏళ్లు కువైట్‌లోని అబ్బాసియాలో ఉన్నాం. అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. ఆగస్టు 15 ఆ రెండు రోజుల్లో పడకపోతే మామూలు పనిరోజే. ఎండల సంగతి సరేసరి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని ప్రభుత్వమే నిషేధం పెడుతుంది. అసలు కువైట్‌కు స్వాతంత్ర్యం వచ్చింది 1961 జూన్ 19న. వాళ్లు జాతీయ దినం చేసుకునేది ఫిబ్రవరి 25న, 1950లో షేక్ అబ్దుల్లా అల్ సాలెం గద్దెనెక్కిన తేదీన. ఎండలకు జడిసే మార్చుకున్నారని అక్కడివాళ్లు చెబుతారు. దేశానికి దేశమే పండుగను చలికాలానికి మార్చుకుంటే రాని తప్పు, మేము రెండు రోజులు ఆలస్యంగా జరిపితే వచ్చిందా?

మా మామగారు ఒప్పుకోలేదు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. విజిట్ వీసా మీద వచ్చినప్పుడు ఖాదీ జెండాను పంచె మడతల్లో పెట్టి, పైన రాగిపిండి పొట్లాలు పేర్చి తెచ్చారు. “పదిహేను అంటే పదిహేనే” అన్నారు. తెల్లవారకముందే పిల్లలను లేపి నిలబెట్టారు. మా ఆయన మాప్ కర్ర తెస్తే, “నేల తుడిచే కర్రకు జెండానా?” అని కసిరారు. కర్టెన్ రాడ్డు ఊడదీసి కుర్చీకి కట్టాం. గులాబీ రెక్కలు లోపల పెట్టి జెండా మడిచి ముడి కూడా ఆయనే వేశారు. తాడు లాగితే విప్పుకోలేదు. ఇంకాస్త గట్టిగా లాగారు. ముడి మరింత బిగిసింది. కింద కంపెనీ బస్సు హారన్ మోగుతోంది. చేసేదేమీ లేక ఆ మూటకే సెల్యూట్ కొట్టి జనగణమన పాడాం. పాట పూర్తయ్యేదాకా మా ఆయన కదల్లేదు, బస్సు మాత్రం కదిలిపోయింది. టాక్సీ డబ్బులు ఎవరిస్తారని నేను గొణుక్కున్నాను.

శుక్రవారం మా హాలు నిండిపోయింది. డ్రైవర్లు, హోటల్లో వంట చేసేవాళ్లు, ఒక ఇంట్లో పనిచేస్తూ ఆ పూటకు సెలవు దొరికించుకున్న రాయచోటి అక్క. జెండా ఇంకా మూటగానే ఉంది. ఆమె గాజుకున్న పిన్నీసు తీసి, ముడిని మెల్లగా వదులు చేసింది. తాడును చుట్టూ తిప్పి, కొసను మడిచి దోపి, “ఇది జారుముడి సార్, ఇప్పుడు లాగండి” అంది. లాగాల్సింది నువ్వేనని పిల్లలు పట్టుబట్టారు. ఒక్క లాగుకే జెండా విచ్చుకుంది, వాడిన రెక్కలన్నీ మామగారి బట్టతల మీద రాలాయి. తర్వాత సంగటి, నాటుకోడి పులుసు, ఓళిగలు. 15వ తేదీనే చేయాలని పట్టుబడితే ఆ అక్క ఎవరింట్లోనో బట్టలు ఇస్త్రీ చేస్తూ ఉండేది.

ఇక్కడ కడపలో జెండా తాడు చేతికి రావాలంటే పదవి ఉండాలి. మా అపార్ట్‌మెంట్‌లో అధ్యక్షుడు ఎగరేయాలా కార్యదర్శి ఎగరేయాలా అని ఏటా పేచీ. తేదీ మాత్రం తప్పరు. పిల్లలు ఎండలో నిలబడి ఉంటారు, ముఖ్య అతిథి తీరిగ్గా వస్తారు, ప్రసంగం చేస్తారు, చివరికి చేతిలో ఒక చాక్లెట్ పెడతారు. సగంమంది పై అంతస్తుల నుంచే ఫోనులో శుభాకాంక్షల బొమ్మలు పంపిస్తారు. తేదీ పాటించామన్న గర్వం వీళ్లకే ఎక్కువ.

మీరు విదేశానికి వెళ్లేటట్టయితే జెండా ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. కొనేముందు చక్రంలో 24 ఆకులున్నాయో లేదో లెక్కపెట్టండి. పాలియెస్టర్ జెండాల మీద ఎన్ని పడితే అన్ని అచ్చేస్తున్నారు. మా మామగారు ఇప్పటికీ దుకాణంలో నిలబడి లెక్కపెట్టాకే డబ్బు తీస్తారు, కొట్టువాడు ఎంత విసుక్కున్నా సరే.