ఒకే షేరు, రెండు యాప్‌లు, రెండు రంగులు

ప్రశ్న: నాకు ఇద్దరు బ్రోకర్ల దగ్గర ఖాతాలున్నాయి. ఒకే షేరు గంట చార్టు తీస్తే ఒక యాప్‌లో ఆకుపచ్చ క్యాండిల్, రెండోదాంట్లో ఎరుపు. పైగా మొన్న 842 దగ్గర పెట్టిన స్టాప్‌లాస్ (ధర అక్కడికి పడితే అమ్మేయమనే ఆర్డర్) కొట్టేసింది, చార్టులో చూస్తే ఆ నిమిషం క్యాండిల్ తోక 842.30 దగ్గరే ఆగింది. ఇది మోసం కాదా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: క్యాండిల్ అంటే ఒక వ్యవధిలో ధర కదలికను చూపే గీత: మొదలైన ధర కంటే పైన ముగిస్తే ఆకుపచ్చ, కింద ముగిస్తే ఎరుపు, కింది తోక ఆ వ్యవధిలో తాకిన కనిష్ఠం. మోసం అనేముందు రెండు చార్టుల్లోనూ మొదటి క్యాండిల్ ఎన్నింటికి ముగిసిందో చూడండి. మన మార్కెట్ 9.15కి మొదలై 3.30కి ముగుస్తుంది, అంటే 375 నిమిషాలు, గంటలుగా కోస్తే సమంగా తెగదు. ఒక యాప్ 9.15 నుంచి 10.15 దాకా మొదటి క్యాండిల్ గీసి, చివర్లో పావుగంట ముక్క మిగుల్చుకుంటుంది. ఇంకోటి గడియారాన్ని పట్టుకుని 10 కొట్టగానే మూసేస్తుంది, కాబట్టి అందులో ఉండేది 45 నిమిషాల ట్రేడింగే. ఆ తర్వాత పావుగంటలో షేరు పడిపోతే రంగులు వేరుగా రావడంలో వింతేముంది! ఈ గొడవెందుకని కొందరు 75 నిమిషాల చార్టు పెట్టుకుంటారు, రోజుకు సరిగ్గా 5 క్యాండిళ్లు వస్తాయి.

ఇక ఆ 30 పైసలు. బాగా చేతులు మారే షేరులో ఒక్క సెకనులోనే బోలెడు ట్రేడ్‌లు జరుగుతాయి, మామూలుగా మన ఫోన్‌కు అందేది అవన్నీ కాదు, మధ్యమధ్య తీసి పంపే స్నాప్‌షాట్‌లు. రెండు స్నాప్‌షాట్‌ల మధ్య ధర 842 తాకి వెనక్కొస్తే చార్టుకు తెలియదు. మీ స్టాప్‌లాస్ ఆర్డర్ ఉండేది ఎక్స్ఛేంజ్‌లో, దానికి మీ చార్టుతో పనే లేదు. అందుకే కాంట్రాక్ట్ నోట్ (మీ లావాదేవీలకు బ్రోకర్ పంపే రసీదు) తీసి, ట్రేడ్ టైమూ ధరా చూసి, అదే ఎక్స్ఛేంజ్ ఆ రోజు భావ్‌కాపీలో (ఎక్స్ఛేంజ్ రోజూ పెట్టే ధరల పట్టికలో) ఉన్న కనిష్ఠ ధరతో పోల్చండి (ఆర్డర్ బీఎస్‌ఈలో పెట్టి ఎన్‌ఎస్‌ఈ చార్టు చూసేవాళ్లూ ఉన్నారు సుమా). మీకు పడిన ధర ఆ కనిష్ఠం కంటే కిందుంటే అప్పుడు వదలొద్దు, బ్రోకర్‌కు రాతపూర్వకంగా అడగండి, తేలకపోతే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టండి.

పాత ధరల్లో తేడా ఉంటే బోనస్, స్ప్లిట్ (ఒక షేరును కొన్నిగా విడగొట్టడం) సర్దుబాటు చేశారో లేదో చూడండి. 2024 అక్టోబరులో రిలయన్స్ 1:1 బోనస్ (ఉన్న ఒక్కో షేరుకు ఇంకోటి ఉచితం) ఇచ్చింది, సర్దని చార్టులో అక్కడ షేరు సగానికి కూలినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: డాలర్లలో బంగారం చార్టు ఒక్కో విదేశీ యాప్‌లో ఒక్కోలా ఉంటోంది, ఏది నిజం?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అన్నీ నిజమే, ఏదీ కాదు. స్పాట్ (అప్పటికప్పటి ధరకు కొనే, అమ్మే) మార్కెట్‌కు మన ఎన్‌ఎస్‌ఈ లాంటి ఒకే ఎక్స్ఛేంజ్ లేదు, ఏ బ్రోకర్ కోట్ వాడిది. రోజు ఎప్పుడు ముగిసిందనేదీ సర్వర్ టైమును బట్టే. న్యూయార్క్ సాయంత్రం 5కి ముగించేవాళ్ల దగ్గర వారానికి 5 రోజువారీ క్యాండిళ్లు వస్తే, లండన్ జీఎంటీ పెట్టుకున్నవాళ్ల దగ్గర ఆదివారం రాత్రి కొద్ది గంటల బుల్లి క్యాండిల్ అదనంగా వచ్చి పడుతుంది. అయినా చార్టు కంటే ముందు చూడాల్సింది వేరే ఉంది: రిజర్వ్ బ్యాంకు అనుమతి లేని ఫారెక్స్ యాప్‌ల అలర్ట్ లిస్టు, వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. మీ యాప్ పేరు అందులో ఉంటే డబ్బు బయటికి తీసుకోండి, క్యాండిళ్ల సంగతి తర్వాత.