అడవి పందులకు పిల్లలు పుట్టని పొడి: ఆ ప్యాకెట్ విప్పకండి

సందేహం: రెండెకరాలు కౌలుకు తీసుకుని మొక్కజొన్న వేశాను. గింజ పాలు పోసుకునే దశలో ఉంది. అడవి పందులు పొత్తులు ఒలిచి సగం తిని పడేస్తున్నాయి, కర్రలు మాత్రం పడలేదు. పందులకు పిల్లలు పుట్టకుండా చేసే టీకా పొడిగా వచ్చిందని పురుగుమందుల షాపాయన ఒక ప్యాకెట్ ఇచ్చాడు. తవుడులో ఎంత కలపాలి?
– ఒక రైతు, నిజామాబాద్ జిల్లా

సలహా: ఏమీ కలపొద్దు. ముందు సంగతి, మీ చేలో పడింది పందులు కావు. పంది వస్తే కర్రను మొదలంటా విరిచి పడగొడుతుంది, మట్టి పెళ్లగిస్తుంది, గిట్టల జాడలుంటాయి, అదీ ఎక్కువగా రాత్రిపూట. కర్ర నిలబడి ఉండగా పొత్తు ఒలిచి తినేది కోతి. రాత్రి కాపలా మాని తెల్లవారుజామున, సాయంత్రం చేలో మనిషి ఉండేలా చూసుకోండి.

ఇక టీకా. పిల్లలు పుట్టకుండా ఆపే టీకాలు నిజంగానే ఉన్నాయి, కానీ అవి సూదితో వేసేవి. అందులో ఉండేది మాంసకృత్తి, తవుడులో కలిపి పెడితే కడుపులో అరిగిపోతుంది. పంది అండం పైపొరతో చేసిన టీకాను అమెరికాలో అస్సటీగ్ దీవి ఆడ గుర్రాలకు 1994 నుంచి బాణం సూదితో వేస్తూ వచ్చారు. పందికి అది సొంత పదార్థమే కాబట్టి సరిగా పని చేయదు. అందుకే పందులకు జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను అడ్డుకునే టీకా వేరే ఉంది, 1998లో ఆస్ట్రేలియాలో మొదలైంది. పెంపుడు మగ పందులకు 2 మి.లీ. చొప్పున రెండుసార్లు, కనీసం 4 వారాల తేడాతో, రెండోది మాంసానికి కోసే 4 నుంచి 6 వారాల ముందు చెవి వెనక వేస్తారు. మొదటి సూది ఒక్కటే వేసి వదిలేస్తే ఫలితం ఉండదు. అడవి జంతువును ఇలా రెండుసార్లు ఎవరు పట్టుకుంటారు? పైగా టీకా వేసినంత మాత్రాన ఉన్న జంతువు తినడం మానదు. అస్సటీగ్‌లో ఈనే భారం తప్పిన గుర్రాలు ఇంకా ఎక్కువ కాలం బతికాయి, మంద తగ్గడానికి ఏళ్లు పట్టింది. మీ పంటకేమో ఇంకో నెలే టైముంది.

మరి ఆ ప్యాకెట్‌లో ఏముంది? నా అనుమానం పంట పురుగులకు వేసే విష గుళికల మందు పొడి చేసి ఇచ్చారని. గట్టు మీద పెడితే మీ కుక్క, పక్కవాళ్ల గేదె, నెమళ్లు చస్తాయి, అడవి జంతువు చస్తే కేసు మీ మీద పడుతుంది. మందులమ్మే మనిషిని టీకా గురించి అడగడం ఇకనైనా మానండి, ఊళ్లో పశువైద్యుడున్నాడు కదా. లేబుల్, బిల్లు లేని ప్యాకెట్ ఏదైనా విప్పకుండా మండల వ్యవసాయ అధికారికి ఇవ్వండి. ఇప్పటికే ముట్టుకుని ఉంటే సబ్బుతో చేతులు కడుక్కోండి.

కోతుల సంఖ్య తగ్గించాలంటే పట్టి ఆపరేషన్ చేయించడమే ఇప్పుడున్న దారి. అందుకోసం నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో కేంద్రం పెట్టారు. మీరొక్కరే అడిగితే కదలదు, పంచాయతీ తీర్మానం రాయించి ఊరంతా కలిసి అటవీ శాఖకు ఇవ్వండి. పోయిన పొత్తుల ఫొటోలు ఈరోజే తీసి వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓ) చూపించండి, పొలం దున్నాక నష్టం చూపించలేరు.