8085 పిన్నులు పట్టుకుని: అమ్మడికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. మైక్రోప్రాసెసర్ల చరిత్ర మీద సెమినార్ ఇవ్వాలి, ఎక్కడ మొదలుపెట్టను అని అడిగావు. నంబర్లూ సంవత్సరాలూ వరసగా పేర్చి స్లైడ్లు వేస్తే నీకు కంఠతా పట్టే పని, వినేవాళ్లకు నిద్ర. దానికంటే ఇంటెల్ వాళ్ల పాత మైక్రోప్రాసెసర్ 8085 ఒకటి కొనుక్కొచ్చి బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా తీగలు గుచ్చే పలక) మీద నీ చేత్తో నడిపించు. రెండు ఆదివారాలు చాలు. వైరు వేస్తున్నప్పుడు "ఇదేంటి ఇలా పెట్టారు" అనిపించే ప్రతి పిన్ను (చిప్ కాలు) దగ్గరా ఆగి కారణం వెతుకు. ఆ కారణాలే నీ సెమినార్.

కాలేజీ ల్యాబులోని ట్రైనర్ కిట్ దీనికి పనికిరాదు. అందులో కీప్యాడ్, డిస్‌ప్లే, మానిటర్ ప్రోగ్రాం అన్నీ ముందే కూర్చి ఉంటాయి. నువ్వు నేర్చుకునేది హెక్స్ (పదహారు అంకెల లెక్క) కీలు నొక్కడం ఒక్కటే.

సామాను రాసుకో. 8085ఏ రెండు (ఒకటి కాదు; పాత సరుకు చెరిపి కొత్త నంబరు అచ్చేసిన చిప్‌లు బజార్లో తిరుగుతుంటాయి). 74హెచ్‌సీటీ573 (లాచ్, విలువను పట్టి ఉంచేది) ఒకటి, 74హెచ్‌సీటీ244 (బఫర్, సిగ్నల్‌కు బలమిచ్చేది) ఒకటి, 28సీ64 ఈఈప్రామ్ (కరెంటు పోయినా రాసింది నిలిచే మెమరీ) ఒకటి, 6.144 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 20 పికోఫారడ్ కెపాసిటర్, 10 కిలో ఓమ్ రెసిస్టర్లు ఎనిమిది, 1 కిలో ఓమ్‌వి ఓ పది, 100 కిలో ఓమ్ ఒకటి, 1 మైక్రోఫారడ్ ఒకటి, 1ఎన్4148 డయోడ్ ఒకటి, ఎల్‌ఈడీలు నాలుగు. చిప్‌కు ఒకటి చొప్పున 0.1 మైక్రోఫారడ్ సెరామిక్‌లు, వీసీసీకి (+5 వోల్టుల సరఫరా) గ్రౌండ్‌కు మధ్య, చిప్‌ను ఆనుకునేలా. సరఫరా నికరంగా 5 వోల్టులు ఉండాలి. 8085ఏ ఒక్కటే 170 మిల్లీఆంపుల దాకా తాగగలదు, వేలు పెడితే వెచ్చగా తగులుతుంది. కంగారుపడకు.

ఆ ఒక్క 5 వోల్టుల దగ్గరే మొదటి ముచ్చట. 1974లో వచ్చిన 8080కి +5, -5, +12 అని మూడు సరఫరాలు కావాలి. క్లాక్‌కు (చిప్ అడుగులకు తాళం వేసే సిగ్నల్) 8224, బస్సు (చిప్‌ల మధ్య ఉమ్మడి తీగలు) కంట్రోల్‌కు 8228 అని పక్కన మరో రెండు చిప్‌లు. 1976 నాటి 8085లో క్లాక్ లోపలే ఉంది, సరఫరా ఒక్కటే. పేరు చివరి 5 ఆ అయిదు వోల్టులకే గుర్తు. అదే ఏడాది ఫెడెరికో ఫాజిన్, మసతోషి షిమా ఇంటెల్ వదిలి జైలాగ్‌లో చేసిన జెడ్80 కూడా వచ్చింది. దానికీ 5 వోల్టులే, పైగా రిజిస్టర్లు ఎక్కువ. ఇళ్లలోకి వెళ్లిన కంప్యూటర్లు చాలా జెడ్80 వైపు వెళ్లాయి. 8085 కంట్రోలర్లలో, మన సిలబస్సులో స్థిరపడింది. దాన్ని చిన్నచూపు చూడకు: 1997లో అంగారకుడి మీద తిరిగిన సోజర్నర్ బండిని నడిపింది 80సీ85.

ఇక వైరింగ్. 40వ పిన్ను వీసీసీ, 20 గ్రౌండ్. క్రిస్టల్ 1, 2 పిన్నుల మధ్య, వీలైనంత దగ్గరగా. 2 నుంచి గ్రౌండ్‌కు 20 పికోఫారడ్. లోపలి క్లాక్ క్రిస్టల్‌లో సగం, అంటే 3.072 మెగాహెర్ట్జ్. ఇంట్లో ఉంది కదా అని 8 మెగాహెర్ట్జ్ పెట్టకు, 8085ఏ పరిమితి 3 మెగాహెర్ట్జ్ పైచిలుకే. రీసెట్‌కు 36వ పిన్ను నుంచి వీసీసీకి 100 కిలో ఓమ్, గ్రౌండ్‌కు 1 మైక్రోఫారడ్, రెసిస్టర్‌కు సమాంతరంగా డయోడ్, దాని గీత ఉన్న వైపు వీసీసీకి. కరెంటు తీసి వెంటనే వేసినా కెపాసిటర్ ఖాళీ కావాలి కదా, డయోడ్ అందుకు.

వాడని ఇన్‌పుట్లు గాల్లో వదిలితే సగం రోజు పోతుంది. 6, 7, 8, 9, 10 (ఇంటరప్టులు, చేస్తున్న పని మధ్యలో ఆపించే పిలుపులు), 39 (హోల్డ్) గ్రౌండ్‌కు. 35 (రెడీ) 1 కిలో ఓమ్‌తో వీసీసీకి. వీటిలో 6, అంటే ట్రాప్, మరీ ప్రమాదం. మిగతా ఇంటరప్టులు రీసెట్ తర్వాత ఆగి ఉంటాయి. ట్రాప్‌ను ఆపే ఇన్‌స్ట్రక్షన్ లేదు. ఆ పిన్ను గాల్లో ఉంటే చెయ్యి దగ్గరికి తెచ్చినా 0024 అడ్రసుకు (ఇలాంటి అడ్రసులు, బైట్లు అన్నీ హెక్స్‌లో) దూకుతుంది.

12 నుంచి 19 దాకా ఏడీ0–ఏడీ7. ఇక్కడ తీరిగ్గా ఆగు. అడ్రసులో కింది ఎనిమిది బిట్లు, డేటా ఎనిమిది బిట్లు ఒకే తీగల మీద వంతులవారీగా వస్తాయి. ఎందుకంటే పిన్ను అంటే డబ్బు. 1971 నాటి 4004కి 16 కాళ్లే, 12 బిట్ల అడ్రసును నాలుగేసి బిట్లుగా మూడు విడతల్లో పంపేది. 1972 నాటి 8008కి 18 కాళ్లు, 14 బిట్ల అడ్రసు రెండు విడతల్లో. 8080కి 40 కాళ్లు దొరికేసరికి అడ్రసు, డేటా వేరుపడ్డాయి. 8085లో క్లాక్, అదనపు ఇంటరప్టులు, సీరియల్ లైన్లు అదే 40 కాళ్లలో దూర్చాల్సివచ్చి మళ్లీ కలిపేశారు. 8086దీ ఇదే దారి.

వాటిని విడదీసేది 573 లాచ్. 8085 ఏఎల్‌ఈ (30) దాని 11వ పిన్నుకు, దాని 1వ పిన్ను గ్రౌండ్‌కు. ఏడీ0–ఏడీ7 వరసగా 2–9కి. ఏ0 నుంచి ఏ7 దాకా 19 నుంచి 12కి దిగుతూ బయటికొస్తాయి. పుస్తకాల్లో ఉండే 373 కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే దాని ఇన్‌పుట్, అవుట్‌పుట్ కాళ్లు కలగాపులగంగా ఉంటాయి, తప్పు పడకుండా వైరు వేయడం కష్టం. హెచ్‌సీటీయే తీసుకో. ఒట్టి హెచ్‌సీ రకానికి "ఒకటి" అనిపించాలంటే 3.5 వోల్టులు కావాలి, 8085 హామీ ఇచ్చేది 2.4 వోల్టులే. ఎల్‌ఎస్ రకం ఇన్‌పుట్ల నుంచి కరెంటు వెనక్కి కారుతుంది, కింద మనం పెట్టే 10 కిలో ఓమ్‌లు దాన్ని లాగలేవు.

ఇప్పుడు మెమరీ లేకుండానే నడిపించు. ఏడీ0–ఏడీ7 ఒక్కోదానికీ 10 కిలో ఓమ్ గ్రౌండ్‌కు. చిప్ ఇన్‌స్ట్రక్షన్ అడిగినప్పుడల్లా 00 కనబడుతుంది. 00 అంటే నాప్, ఏమీ చేయకు, ముందుకెళ్లు అని. వీసీసీకి లాగితే ఎఫ్ఎఫ్ అవుతుంది, అది ఆర్‌ఎస్‌టీ 7. ఎప్పటికీ 0038 దగ్గరే కొట్టుకుంటుంది. ఏ15 (28), ఏ14 (27) లను 244 గుండా 1 కిలో ఓమ్, ఎల్‌ఈడీలకు ఇవ్వు. 244 గేట్ల 1, 19 పిన్నులు గ్రౌండ్ చేయడం మర్చిపోకు. ఎల్‌ఈడీని నేరుగా 8085కి తగిలించకు. అది పైకి ఇవ్వగలిగేది 0.4 మిల్లీఆంపే.

నాప్‌కు 4 క్లాకులు, అంటే సెకనుకు 7,68,000 నాప్‌లు. 65,536 అడ్రసులు తిరిగి రావడానికి 85 మిల్లీసెకన్లు. కాబట్టి ఏ15 ఎల్‌ఈడీ సెకనుకు దాదాపు 12 సార్లు అదురుతుంది, ఏ14 దానికి రెట్టింపు. ఈ అదురు కనబడితే చిప్ బతికే ఉంది. కనబడకపోతే మొదట 37 (క్లాక్ అవుట్) మీద మీటరు పెట్టు. డీసీ రేంజిలో మధ్యస్థంగా ఏదో వోల్టేజీ చూపిస్తే క్లాక్ ఆడుతున్నట్టు, 0 దగ్గరో 5 దగ్గరో బిగుసుకుంటే క్రిస్టల్ లేవలేదు. తర్వాత 3 (రీసెట్ అవుట్): అది పైనే ఉంటే రీసెట్ వదల్లేదు. రెండూ బాగుంటే బ్రెడ్‌బోర్డు పక్క పట్టీలు చూడు. పెద్ద బోర్డుల్లో అవి నడిమధ్య తెగి ఉంటాయి.

రెండో ఆదివారం ఈఈప్రామ్. ఏ0–ఏ12 కలుపు, డేటా ఎనిమిదీ ఏడీ0–ఏడీ7కి. దాని 20 (చిప్ ఎనేబుల్) ఏ15కి, 22 (అవుట్‌పుట్ ఎనేబుల్) 8085 రీడ్ పిన్ను 32కి, 27 (రైట్ ఎనేబుల్) గట్టిగా వీసీసీకి. 27 వదిలేస్తే రాసుకున్న ప్రోగ్రాం తనంతట తనే పాడవుతుంది. 10 కిలో ఓమ్‌లు అలాగే ఉండనీ. సీరియల్ అవుట్ పిన్ను 4ను 244లో మరో గేటు గుండా ఇంకో ఎల్‌ఈడీకి ఇచ్చి, ప్రోగ్రామర్‌తో 0000 నుంచి ఈ 27 బైట్లు రాయి:

3ఈ సీ0 30 01 00 00 0బీ 78 బీ1 సీ2 06 00
3ఈ 40 30 01 00 00 0బీ 78 బీ1 సీ2 12 00
సీ3 00 00

ర్యామ్ అక్కర్లేదు, స్టాక్ వాడలేదు. సిమ్ ఇన్‌స్ట్రక్షన్‌తో (30) పిన్నును పైకెత్తి, ఆగి, దించి, ఆగి మళ్లీ మొదలు. ఆగే చక్రం ఒక్కో చుట్టుకు 24 క్లాకులు, 65,536 చుట్లు: 0.512 సెకను. వాచీ పెట్టుకుని చూడు. మినుకుమనకుండా ఏ15 పాత అదురే మళ్లీ కనబడితే ఈఈప్రామ్ పలకడం లేదు, చిప్ నాప్‌లే చదువుతోంది. డీసీఎక్స్ బీ (0బీ, బీసీలోంచి ఒకటి తీసేది) తర్వాత నేరుగా జేఎన్‌జెడ్ (సీ2, సున్నా కాకపోతే దూకమనేది) పెట్టి రెండు బైట్లు మిగిల్చానని సంబరపడేవాళ్లు ఉంటారు. డీసీఎక్స్ ఫ్లాగులను (ఫలితం సున్నానా వంటివి చెప్పే బిట్లు) తాకదు, అందుకే 78, బీ1తో బీసీ సున్నానా అని అడగాలి.

రేపు ర్యామ్ పెట్టుకుంటే 34 (ఐఓ/ఎం, పిలుపు పోర్టుకా మెమరీకా చెప్పేది) కూడా డీకోడింగ్‌లో (ఏ చిప్ పలకాలో తేల్చే చోట) కలుపు. ఐఓ సమయంలో పోర్టు నంబరు అడ్రసు రెండు సగాల మీదా వస్తుంది. 34ను పట్టించుకోకపోతే అవుట్ 80 అన్నప్పుడల్లా 8080 అనే అడ్రసు (చిప్ కాదు) దగ్గరి ర్యామ్ బైటు చెడుతుంది.

సెమినార్‌కు అసలు సరుకు ఆ సీ2 06 00 లో ఉంది. అడ్రసు 0006 అయితే 06 ముందు ఎందుకు? టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో కంప్యూటర్ టెర్మినల్ కార్పొరేషన్ అని ఒక సంస్థ డేటాపాయింట్ 2200 అనే టెర్మినల్ చేసింది. దాని మెమరీ షిఫ్ట్ రిజిస్టర్లు, లెక్క చేసేది ఒక్కో బిట్టు చొప్పున. క్యారీ కింది నుంచి పైకి పాకుతుంది కాబట్టి కింది బైటు ముందు రావాలి. ఆ టెర్మినల్ ప్రాసెసర్‌ను ఒకే చిప్‌లో పెట్టమని ఇంటెల్‌ను అడిగారు. చివరికి వాళ్లు వాడుకోలేదు, ఇంటెల్ దాన్ని 8008గా అమ్ముకుంది. ఏ, బీ, సీ, డీ, ఈ, హెచ్, ఎల్ అన్న రిజిస్టర్ల పేర్లూ, పారిటీ ఫ్లాగూ (ఫలితంలో ఒకట్లు సరి సంఖ్యలో ఉన్నాయా అని చెప్పేది) అక్కడివే.

కాబట్టి నీ మొదటి స్లైడులో 4004 నుంచి 8008కి బాణం గుర్తు గీయకు. చాలామంది గీస్తారు, తప్పు. 4004 జపాన్ బిజికామ్ కాలిక్యులేటర్ కోసం పుట్టిన నాలుగు బిట్ల చిప్, దాని ఇన్‌స్ట్రక్షన్లు వేరు. 8008కి తండ్రి ఆ టెర్మినల్. బాణాలు డేటాపాయింట్ నుంచి 8008, 8080కి. అక్కడ చీలి ఒకటి 8085కి, ఒకటి జెడ్80కి, మరొకటి 1978 నాటి 8086కి గియ్యి. 8080 అసెంబ్లీ ప్రోగ్రాములను మార్చి నడుపుకునేలా 8086ను చేశారు, 1981లో ఐబీఎం పీసీలోకి దాని తమ్ముడు 8088 వెళ్లింది. మీ ల్యాబు డెస్క్‌టాపుల 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్లలో కూడా పారిటీ ఫ్లాగు ఇప్పటికీ కింది ఎనిమిది బిట్లనే చూస్తుంది.

స్లైడ్ల మధ్యలో బోర్డు చూపించు. ఎల్‌ఈడీ మినుకుతుండగా రెడీ పిన్నును వైరుతో గ్రౌండ్‌కు తాకించు, ఉన్నచోటే ఆగుతుంది. తీస్తే అక్కడి నుంచే నడుస్తుంది. క్లాకును ఆపి చూపిద్దామనుకోకు, ఈ రకం చిప్‌లో క్లాకు 2 మైక్రోసెకన్లకు మించి సాగితే రిజిస్టర్లలోవి నిలవవు. బస్సులో తీసుకెళ్లేటప్పుడు క్రిస్టల్ కాళ్లే ముందు ఊడతాయి. రెండో 8085, విడి క్రిస్టల్ ఒకటి డబ్బాలో వేసుకో.

ఇట్లు,
మీ బాబాయి