రీకాల్ మరమ్మతు జరగని పాత బైకు: నష్టానికి అమ్మేయాలా, ఆగాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని కూర్మన్నపాలెం. మా అబ్బాయి రుషికొండలో ఉద్యోగానికి వెళ్లిరావడానికి ఆరు నెలల క్రితం పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో 2022 మోడల్ బైకును రూ.1,10,000కు కొన్నాము. అందులో రూ.60,000 బంగారం తాకట్టు పెట్టి తెచ్చినవే. ఆర్‌సీ ఇంకా మొదటి యజమాని పేరుతోనే ఉంది. ఈమధ్య షోరూములో సర్వీసుకు ఇస్తే, బ్రేకులోని ఒక భాగానికి కంపెనీ ఎప్పుడో రీకాల్ (లోపమున్న బండ్లను వెనక్కి పిలిచి సరిచేయడం) ప్రకటించిందనీ, మా బండికి ఆ మరమ్మతు జరగలేదనీ, విడిభాగం రావడానికి నెల పట్టవచ్చనీ చెప్పారు. తెలిసిన మెకానిక్ రూ.3,500కు చేసిపెడతానంటున్నాడు. బంధువులేమో వచ్చిన కాడికి, రూ.85,000కైనా అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ భాగం మార్చేదాకా మీ అబ్బాయిని ఆ బండి ఎక్కనివ్వకండి. లారీలతో కిక్కిరిసే గాజువాక రహదారి మీదుగా, ఎన్‌ఏడీ కూడలి, హనుమంతవాక దాటుకుంటూ రోజూ వెళ్లిరావలసిన కుర్రవాడికి బ్రేకు మీద అనుమానం ఉండకూడదు. మిగతా లెక్కలన్నీ దీని తరువాతే.

ఇక డబ్బు సంగతి. రీకాల్ మరమ్మతుకు మీరు ఒక్క రూపాయి కూడా చెల్లించనక్కరలేదు. అది తయారీలోని లోపం కనుక విడిభాగం ఖర్చూ కూలీ ఖర్చూ కంపెనీవే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన 110ఎ సెక్షన్ కింద, లోపమున్న వాహనాలను వెనక్కి పిలవాలని కంపెనీలను ఆదేశించే అధికారం కేంద్రానికి ఉంది. ఏడేళ్ల లోపు వాహనాలకు వర్తించే నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఈ హక్కు ఛాసిస్ నంబరును (బండి చట్రం మీద ఉండే గుర్తింపు సంఖ్యను) బట్టి వస్తుంది కాబట్టి, బండి ఎన్ని చేతులు మారినా పోదు. రీకాల్ వచ్చినంత మాత్రాన బండి పనికిరానిదని బెంగపడనక్కరలేదు: 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపంతో 2,36,966 బైకులకు రీకాల్ ప్రకటించింది.

బంధువుల మాట వింటే ఖాయంగా రూ.25,000 నష్టం. ఆగితే, మీ అబ్బాయి నెల రోజులు ఆర్టీసీ బస్సులో, అవసరమైన చోట ఆటోలో తిరిగినందుకు ఉదారంగా రూ.4,000 వేసుకున్నా, రెండు నెలలు ఆలస్యమైనా రూ.8,000 దాటదు. పైగా లోపం సంగతి చెప్పి అమ్మితే ఆ రూ.85,000 కూడా రాకపోవచ్చు. దాచి అమ్మితే మీకు జరిగిన అన్యాయమే ఇంకొకరి బిడ్డకు జరుగుతుంది, ఆ సలహా నేను ఇవ్వలేను. మెకానిక్ చేత కూడా చేయించకండి. కంపెనీ ఉచితంగా చేసేదానికి రూ.3,500 పెట్టడమే కాక, కంపెనీ రికార్డులో ఆ రీకాల్ పెండింగులోనే ఉండిపోతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టినది ఆర్‌సీ సంగతి. కంపెనీ పంపే రీకాల్ సమాచారం మొదటి యజమానికే వెళుతుంది కనుక, మీకు ఇన్నాళ్లూ తెలియకపోవడానికి బహుశా అదే కారణం. అంతకన్నా పెద్ద నష్టం బీమాలో ఉంది. బండి చేతులు మారితే ఎదుటివారికి జరిగే హానికి సంబంధించిన థర్డ్ పార్టీ బీమా చట్టరీత్యా కొత్త యజమానికి మారినట్లే భావిస్తారు గానీ, బండికి జరిగే నష్టానికి ఇచ్చే బీమాను విడిగా దరఖాస్తు చేసి మార్పించుకోవాలి. యజమాని స్వయంగా నడుపుతూ ప్రమాదానికి గురైతే వర్తించే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్‌సీలో పేరున్న వ్యక్తికే గాని మీ అబ్బాయికి అందదు. ఆరు నెలలుగా అతను ఆ రక్షణ లేకుండానే తిరుగుతున్నాడు. పేరు మార్పిడికి కొన్నవారికి చట్టం ఇచ్చే గడువు 30 రోజులు. అది దాటింది కాబట్టి ఆలస్య రుసుము పడినా కట్టేయండి. ఫారం 29, ఫారం 30 మీద మొదటి యజమాని సంతకాలు కావాలి. వాటిని తెచ్చి ఇవ్వవలసింది మీకు బండి అమ్మిన కన్సల్టెన్సీయే.

వారు తప్పించుకుంటే, రీకాల్ విషయం చెప్పకపోవడాన్నీ ఆర్‌సీ మార్చకపోవడాన్నీ కలిపి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అప్పటికీ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. రూ.5 లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోగా వేయాలి. ఇందుకోసం కన్సల్టెన్సీ రసీదు, డబ్బు పంపిన బ్యాంకు వివరాలు ఇప్పుడే ఒక చోట పెట్టుకోండి.

షోరూము వారిని ఛాసిస్ నంబరు, లోపం పేరు, విడిభాగం ఆర్డరు పెట్టిన తేదీ రాయించిన జాబ్ కార్డు (సర్వీసు వివరాల కాగితం) అడగండి. నోటి మాటతో తిరిగి రావద్దు. నెల దాటితే ఆ కాగితం జతచేసి కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పంపండి. బంగారం రుణం మీద వడ్డీని మాత్రం ఈ గొడవలో పడి ఆపకండి. మరమ్మతు పూర్తయ్యాక రీకాల్ ముగిసినట్లు రాసిన జాబ్ కార్డును ఆర్‌సీ, పాలసీ కాగితాలతో కలిపి దాచుకోండి. అప్పటికీ అమ్మాలనే అనిపిస్తే, ఆ కాగితాలు చేతిలో ఉన్నప్పుడే ధర మాట్లాడండి.