చివరి సున్నా ఎక్కడికి పోయింది?

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కోడ్ రాత్రి కూర్చుని చదివాను. డబ్బు పంపే ఫారంలో మనిషి కొట్టిన సంఖ్యని ముందు ఫ్లోట్‌గా, అంటే కంప్యూటర్ బైనరీలో దాచుకునే సంఖ్యగా, మార్చేసి, ఆ తర్వాత పాయింటు తర్వాత ఎన్ని అంకెలున్నాయో లెక్కపెడుతున్నావు. తప్పంతా ఆ మొదటి లైన్లోనే ఉంది. కిందున్న లైన్లన్నీ దాన్ని సర్దడానికి నువ్వు పడ్డ పాట్లు.

ఈ విషయం నాకు తెలిసొచ్చింది ఒక బంగారం కొట్లో. వాళ్లకి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. తూకం చూసే అబ్బాయి కాటా మీద 8.250 చూసి అలాగే టైప్ చేశాడు. బిల్లు మీద 8.25 అని పడింది. కొన్న ఆవిడ బిల్లు పట్టుకుని కాటా వైపు చూపిస్తూ, "అక్కడ మూడంకెలున్నాయి, ఇక్కడ రెండే ఉన్నాయేం బాబూ?" అంది. రెండూ ఒకటేనమ్మా అని చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ అడిగింది న్యాయమే. 8.250 అంటే మిల్లీగ్రాము దాకా తూచామని. 8.25 అంటే పది మిల్లీగ్రాముల దగ్గరే ఆగామని. ఆ సున్నా కాటా చెప్పిన మాట. దాన్ని నా ప్రోగ్రామ్ మింగేసింది.

ఫ్లోట్‌కి ఆ సున్నా గుర్తుండదు. దానికి తెలిసింది విలువ ఒక్కటే, అదీ సరిగ్గా కాదు. 1/3ని మనం దశాంశాల్లో పూర్తిగా రాయలేనట్టే, 0.1ని బైనరీలో, అంటే 0, 1 మాత్రమే వాడే పద్ధతిలో, పూర్తిగా రాయడం కుదరదు. జావా భాషలో దశాంశాల్ని ఉన్నదున్నట్టు దాచే బిగ్‌డెసిమల్‌కి 0.1ని డబుల్‌గా (అదీ ఒక రకం ఫ్లోటే) ఇచ్చి స్కేల్ ఎంతో, అంటే చుక్క తర్వాత ఎన్ని అంకెలో, అడిగి చూడు, 55 అంటుంది. అదే 0.1ని స్ట్రింగ్‌గా, అంటే టైప్ చేసిన అక్షరాల వరుసగానే, ఇస్తే 1 అంటుంది.

వందతో గుణించి పూర్ణాంకం అయిందో లేదో చూసే చిట్కా కూడా తీసెయ్. 0.29ని 100తో గుణిస్తే 28.999999999999996 వస్తుంది. దాంతో, రెండే అంకెలు కొట్టిన మనిషిని నీ ఫారం "రెండంకెలకి మించకూడదు" అని మందలిస్తుంది. వాళ్లు తప్పు తమదే అనుకుని టెన్షన్ పడుతూ మళ్లీ మళ్లీ కొడతారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఫ్లోట్‌ని తిరిగి స్ట్రింగ్ చేసి చుక్క దగ్గర విడగొట్టినా లాభం లేదు. జావాస్క్రిప్ట్ 0.0000001ని "1e-7" అని తిరిగిస్తుంది. అందులో చుక్కే ఉండదు.

అందుకని వచ్చిన స్ట్రింగ్‌ని ముందు ఉన్నదున్నట్టు దాచు. అటూ ఇటూ ఖాళీలు తీసి, సంఖ్య రూపంలో ఉందో లేదో రెగెక్స్‌తో, అంటే అక్షరాల నమూనాతో పోల్చి, చూసి, చుక్క తర్వాతి అంకెలు లెక్కపెట్టు. ఆ తర్వాతే విలువగా మార్చు, అదీ ఫ్లోట్‌లోకి కాదు, బిగ్‌డెసిమల్ లాంటి డెసిమల్‌లోకి. రెగెక్స్‌లో 0 నుంచి 9 అని విడిగా రాయి. పైథాన్ 3లో "ఏ అంకైనా" అనే గుర్తు (\d) పెడితే ౮.౨౫౦ కూడా దాటిపోతుంది, జావాస్క్రిప్ట్‌లో అదే గుర్తు దాన్ని ఆపేస్తుంది. తెలుగు అంకెలు తీసుకోవాలనుకుంటే ముందే మార్చుకో.

ఇంకోటి, చుక్క తర్వాత అంకెలు 2 అని కోడ్‌లో పాతేశావు. కువైట్‌లో మన కడప జిల్లా వాళ్లు ఎంతమంది పనిచేస్తున్నారో నీకు తెలుసు. వాళ్లు కొట్టేది దినార్లు. దినార్‌కి వెయ్యి ఫిల్స్, అంటే మూడంకెలు కావాలి. జపాన్ యెన్‌కి ఒక్కటీ అక్కర్లేదు. ఏ కరెన్సీకి ఎన్నో ఐఎస్ఓ 4217 అనే అంతర్జాతీయ కరెన్సీ పట్టికలో ఉంటుంది, అక్కణ్ణుంచి తీసుకో. హద్దు దాటి కొడితే చెప్పాపెట్టకుండా కత్తిరించకు, రౌండ్ చేయకు. అది వాళ్ల డబ్బు. పెట్టె పక్కనే చెప్పి, వాళ్ల చేతే దిద్దించు.

కామాలు కనపడగానే చెరిపేయడం కూడా ప్రమాదమే. 1,25,000.50లో పోయినా పర్లేదు. జర్మనీలో మాత్రం కామానే దశాంశ బిందువు, 12,50 కాస్తా 1250 అయి కూర్చుంటుంది.

12. అనీ, .5 అనీ, -0.50 అనీ, 007.10 అనీ, ఖాళీ పెట్టెతోనూ టెస్టులు రాసి పంపు. చుక్క పెట్టి వదిలేసిన 12.ని ఒప్పుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం, కానీ ఆ సంగతి ముందే తేల్చుకో. ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటాను, ఫోన్ చెయ్యి, కలిసి చూద్దాం. అక్కయ్యని అడిగానని చెప్పు.

నీ మావయ్య