సందేహాలు – సమాధానాలు: ‘శిక్షావిధి లేదు’ అంటే లేనిది ఏది?

సందేహం: అయ్యా, బైబిలులో రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయం ‘కాబట్టి యిప్పుడు క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు’ అనే వాక్యంతో మొదలవుతుంది. విశ్వాసికి ఇక అపరాధభావన ఉండదని దీని అర్థమా, శిక్ష మాత్రమే ఉండదనా అని మా అధ్యయన బృందంలో వాదం వచ్చింది. శిక్ష మాత్రమే అయితే ‘ఏ శిక్షయు లేదు’ అంటే సరిపోయేది కదా? ప్రభువు తాను ప్రేమించేవానిని శిక్షిస్తాడని హెబ్రీ పత్రికలో ఉంది. ఈ రెండూ ఎలా పొసగుతాయి? ఇదే అధ్యాయం 16వ వచనంలో ‘ఆత్మ తానే... సాక్ష్యమిచ్చుచున్నాడు’ అన్నారు. ‘ఇచ్చుచున్నది’ అనవద్దా? చివరిగా ‘పాపం నుండి స్వతంత్రం’, ‘స్వేచ్ఛ’, ‘విడుదల’ అనే వాటిలో ఏది వ్రాయడం సరైనది?

సమాధానం: మీ ప్రశ్నలు ఐదైనా మొదటి మూడూ ఒకే సమాసం చుట్టూ తిరుగుతున్నాయి కనుక ముందుగా దాని సంగతి చూద్దాం. ‘శిక్షావిధి’ షష్ఠీ తత్పురుష సమాసం. శిక్ష యొక్క విధి, అంటే శిక్షను విధించడం, అని విగ్రహవాక్యం. సంస్కృతంలో ఆకారాంతమైన ‘శిక్షా’ శబ్దం తెలుగులో విడిగా నిలిచినప్పుడు చివరి దీర్ఘాన్ని పోగొట్టుకొని ‘శిక్ష’ అవుతుంది, సంస్కృత సమాసంలో మొదటి పదంగా ఉన్నప్పుడు ఆ దీర్ఘాన్ని నిలుపుకుంటుంది. ‘శిక్షాస్మృతి’, ‘కృపావరము’ ఇలాంటివే. తత్పురుష సమాసంలో ఉత్తరపదానికే, అంటే రెండవ పదానికే, ప్రాధాన్యం. అందువల్ల ఈ వాక్యంలో ‘లేదు’ అనే క్రియ నేరుగా వెళ్ళి తగిలేది ‘విధి’ని, దాని ద్వారానే శిక్షను. ‘ఏ శిక్షయు లేదు’ అని ఉంటే, తీర్పు వెలువడింది కాని అమలు కాలేదని కూడా ఎవరైనా అర్థం చెప్పవచ్చు. ‘శిక్షావిధి లేదు’ అన్నప్పుడు ఆ తీర్పే లేదు. అనువాదకులు ఒక పదం అదనంగా వాడి సాధించిన భేదం ఇది, చిన్నదేమీ కాదు.

‘విధి’ అనగానే తెలుగువారి మనసు తలరాత వైపు పోతుంది. ‘విధి వక్రించింది’, ‘విధిలిఖితం’ వంటి పలుకుబడులు మనలో అంతగా నాటుకొని ఉన్నాయి. కొందరు వక్తలు ఈ వాక్యాన్ని ‘శిక్ష అనుభవించవలసిన రాత ఇక మీకు లేదు’ అని వివరించడం విన్నాను. భావోద్వేగానికి అది బాగానే పనికివస్తుంది గాని ఇక్కడి అర్థం అది కాదు. ‘విధించు’ అనే క్రియ ఎక్కడి నుంచి వచ్చిందో ఈ ‘విధి’ అక్కడిదే. అంటే అధికారం గలవాడు నిర్ణయించి ప్రకటించడం. ఇందుకు సాక్ష్యం అదే పత్రికలో ఉంది. 5వ అధ్యాయం 18వ వచనంలో ఒకవైపు ‘శిక్షావిధి కలుగుటకు’ అనీ, దానికి ఎదురుగా ‘నీతి విధింపబడుటకు’ అనీ ఉన్నాయి. రెండు పక్షాలలోనూ విధించడమే ఉంది. మారినది విధింపబడే వస్తువు మాత్రమే. మూలంలోని గ్రీకు పదం ‘కటాక్రిమా’ కొత్త నిబంధన మొత్తంలో మూడుచోట్లనే వస్తుంది, మూడూ ఈ పత్రికలోనే: 5వ అధ్యాయంలో రెండుసార్లు, ఇక్కడ ఒకసారి. అది ఒకరికి ప్రతికూలంగా వెలువడిన తీర్పును చెప్పే మాట, న్యాయస్థానపు మాట.

ఇక ‘లేదు’ సంగతి. తెలుగులో ‘లేదు’కూ ‘కాదు’కూ ఉన్న భేదం ఈ వాక్యానికి ప్రాణం వంటిది. ‘కాదు’ తాదాత్మ్యాన్ని, అంటే ‘ఇది అదే’ అనడాన్ని, నిరాకరిస్తుంది, ‘లేదు’ ఉనికిని నిరాకరిస్తుంది. ఈ పత్రిక వ్రాసిన పౌలు ‘క్రీస్తునందున్నవారు పాపులు కారు’ అని ఇక్కడ అనలేదు. ‘వారు తప్పు చేయరు’ అనీ అనలేదు. వారికి ప్రతికూలమైన తీర్పు ఉనికిలో లేదన్నాడు. పైగా ‘ఏ’ అనే ప్రశ్నార్థక విశేషణానికి సముచ్చయార్థకమైన ‘యు’ తోడై నిషేధాన్ని సంపూర్ణం చేసింది. పెద్దదీ లేదు, చిన్నదీ లేదు, కొంతకాలానికి నిలిపి ఉంచినదీ లేదు. నేటి భాషలో ‘ఏ శిక్షావిధీ లేదు’ అని వ్రాస్తే ఆ బలం అలాగే నిలుస్తుంది. ‘శిక్షావిధి లేదు’ అని మాత్రమే వ్రాస్తే కొంత జారిపోతుంది.

మీ బృందంలో వచ్చిన అసలు వాదానికి ఇప్పుడు రావచ్చు. అపరాధం వేరు, అపరాధభావన వేరు. అపరాధం ఒక క్రియ, దాని వలన ఏర్పడిన స్థితి. అపరాధి అని ఒకరిని నిర్ణయించేది తీర్పరి. అపరాధభావన ఆ మనిషి లోపల ఉండేది. ఇది ఆధునిక మనోవిజ్ఞాన పరిభాష నుంచి మన వాడుకలోకి వచ్చిన సమాసం. బైబిలు పాత అనువాదంలో ‘అపరాధము’ అన్నప్పుడు ఈ భావన కాదు, చేసిన పనీ దాని బాధ్యతా ఉద్దేశం. లేవీయకాండంలోని ‘అపరాధపరిహారార్థబలి’ అపరాధాన్ని పరిహరించడానికే గాని మనసులోని బరువును దించుకోవడానికి ఏర్పడినది కాదు. 8వ అధ్యాయంలోని పదజాలం కూడా ఈ తీర్పు వరుసలోనే సాగుతుంది. 33, 34 వచనాలలోని క్రియలను వరుసగా చూడండి: నేరము మోపు, నీతిమంతులుగా తీర్చు, శిక్ష విధించు, విజ్ఞాపనము చేయు. మొదటి వచనంలో ‘లేదు’ అన్నదానినే అక్కడ ‘శిక్ష విధించువాడెవడు?’ అని ప్రశ్నగా తిరిగి అడిగాడు. ఇవన్నీ మనిషి లోపల జరిగే వ్యవహారాలు కావు, అతని గురించి మరొకచోట జరిగే వ్యవహారాలు.

కాబట్టి ‘అపరాధభావన కలిగితే విశ్వాసం లేనట్లే’ అని ఈ వాక్యం నుంచి తీయడానికి వ్యాకరణం ఒప్పుకోదు. పైగా ఈ వాక్యానికి ముందు పేజీలోనే ‘అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను?’ అన్న ఆర్తనాదం ఉంది. అది పౌలు తన పూర్వస్థితిని తలచుకొని అన్నదా, విశ్వాసి పడే సంఘర్షణను చెప్పినదా అనే చర్చ వ్యాఖ్యాతలలో చాలా పాతది. ఏ పక్షం వహించినా, ఆ ఆర్తనాదానికి జవాబుగా ‘నీవు అలా బాధపడకూడదు’ అన్న మాట రాలేదు. ‘కాబట్టి యిప్పుడు’ అని తీర్పు సంగతి వచ్చింది. అలాగని భావనను ఈ గ్రంథం పట్టించుకోలేదనీ అనకూడదు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 7వ అధ్యాయంలో దుఃఖాన్ని రెండుగా విడదీశారు: ఒకటి మారుమనస్సును కలుగజేసేది, మరొకటి మరణాన్ని కలుగజేసేది. యోహాను మొదటి పత్రిక ఇంకొంచెం ముందుకు వెళ్ళి, మన హృదయమే మనమీద దోషారోపణ చేసే సందర్భాన్ని ఊహించి, ‘దేవుడు మన హృదయముకంటె అధికుడై’ ఉన్నాడని చెబుతుంది. హృదయం ఫిర్యాది కావచ్చు, తీర్పరి మాత్రం కాదు. నన్నడిగితే మీ బృందంలోని ఇరుపక్షాలూ ఈ మాట దగ్గర కలుసుకోవచ్చు.

హెబ్రీ పత్రిక 12వ అధ్యాయంలోని ‘ప్రభువు తాను ప్రేమించు వానిని శిక్షించి’ అనే వాక్యంతో వైరుధ్యం కనిపించడానికి కారణం తెలుగు ‘శిక్ష’కు ఉన్న రెండు ముఖాలు. సంస్కృతంలో శిక్ష ప్రధానంగా అభ్యాసం, బోధ. వేదాంగాలలో ఉచ్చారణను నేర్పే శాస్త్రానికి శిక్ష అనే పేరు. తెలుగు వాడుకలో దండన అనే అర్థం ముందుకు వచ్చి, నేర్పడం అనే అర్థం ‘శిక్షణ’, ‘శిక్షకుడు’ వంటి మాటలలోకి ఒదిగిపోయింది. హెబ్రీ పత్రికలో ఈ మాటకు మూలమైన గ్రీకు క్రియ పిల్లలను పెంచి తీర్చిదిద్దడాన్ని చెప్పేది. కుమారుడు, తండ్రి అనే మాటలు ఆ సందర్భంలో పదేపదే రావడం కూడా అందుకే. అక్కడ తండ్రి చేసే శిక్ష ఉంది, ఇక్కడ తీర్పరి చేసే శిక్షావిధి లేదు. అక్కడ ‘విధి’ అనే పదం లేకపోవడం, ఇక్కడ ఉండడం గమనిస్తే రెండు వాక్యాలూ ఒకదానినొకటి ఒరుసుకోవు. నేటి పాఠకుల కోసం వ్రాసేవారు హెబ్రీ వాక్యాన్ని ‘క్రమశిక్షణలో పెట్టును’ అన్నా తప్పు లేదు. ఆ సమాసంలో శిక్షణార్థం ఇంకా సజీవంగానే ఉంది.

రెండవ వచనంలోని ‘జీవమునిచ్చు ఆత్మయొక్క నియమము’ గురించి మీరు అడగలేదు గాని, మొదటి వచనానికి కారణం అందులోనే ఉంది కనుక ఒక మాట చెప్పాలి. గ్రీకులో ‘నోమోస్’ అనే ఒక్క పదాన్ని తెలుగు అనువాదకులు మోషే ద్వారా వచ్చినదైనప్పుడు ‘ధర్మశాస్త్రము’ అనీ, ఇక్కడ ‘నియమము’ అనీ రెండుగా చేశారు. అర్థస్పష్టత కలిగింది; మూలంలో ఉన్న పదాల ఆట మాత్రం పోయింది. ఈ వచనంలోని ‘విడిపించెను’ భూతకాలిక సమాపక క్రియ, జరిగిపోయిన పనిని చెబుతుంది. నాలుగవ వచనంలో ‘ఆత్మ ననుసరించియే నడుచుకొను మనయందు’ అన్నప్పుడు ‘నడుచుకొను’ తద్ధర్మార్థక విశేషణం. అది ఒకనాటి పనిని కాక స్వభావాన్ని, అలవాటును చెబుతుంది. విడుదల ఒకసారి జరిగినది, నడవడి నిత్యం సాగేది. ఈ రెంటినీ తారుమారు చేసి, బాగా నడుచుకుంటేనే శిక్షావిధి తొలగుతుందని చెప్పేవారు కొందరు ఉన్నారు. కొన్ని పాత అనువాదాలలో ‘శరీరాన్ని కాక ఆత్మను అనుసరించి నడిచేవారికి’ అనే భాగం మొదటి వచనంలోనే చేరి ఉండడం వారికి ఊతం ఇచ్చింది. ఆ భాగం అతి ప్రాచీన వ్రాతప్రతులలో మొదటి వచనంలో లేదు. నాలుగవ వచనం నుంచి తర్వాతి లేఖకులు అక్కడికి తెచ్చినది. మన తెలుగు పాఠంలో అది లేకపోవడం సబబే.

‘ఆత్మ తానే మన ఆత్మతో కూడ సాక్ష్యమిచ్చుచున్నాడు’ అనేది నాకు ఇష్టమైన వాక్యం. సంస్కృతంలో లింగం శబ్దాన్ని ఆశ్రయించి ఉంటుంది: భార్య అనే ఒకే అర్థంలో ‘దార’ శబ్దం పుంలింగం, ‘కళత్రం’ నపుంసకం, ‘భార్యా’ స్త్రీలింగం. తెలుగులో అలా కాదు, లింగం అర్థాన్ని ఆశ్రయిస్తుంది. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడాలు కాక మిగిలినవి మహత్తులని చిన్నయసూరి బాలవ్యాకరణంలో నిర్వచించారు. కాబట్టి పరిశుద్ధాత్మ ఒక వ్యక్తి అని నమ్మేవారు మహద్వాచక క్రియ, అంటే ‘ఇచ్చుచున్నాడు’ వంటిది, వాడటం తెలుగు వ్యాకరణానికి అనుగుణమే. గ్రీకులో ‘ప్న్యూమా’ నపుంసకలింగం, హీబ్రూలో దానికి సమానమైన ‘రూఅహ్’ ఎక్కువగా స్త్రీలింగం. అవి ఆ భాషల శబ్దధర్మాలు, మనల్ని కట్టిపడేయవు. పైగా ఈ వాక్యంలో ఆత్మలు రెండు. సాక్ష్యమిచ్చే ఆత్మ దేవునిది, తోడుగా ఉన్నది మనిషిది. ‘ఇచ్చుచున్నాడు’ అనే ఒక్క ప్రత్యయం ఏది ఎవరిదో తేల్చింది.

ఈ చిక్కు పూర్వం ఇంతగా కనబడలేదు. గ్రాంథికంలో ‘వచ్చెను’, ‘నడిపించును’ అంటే పురుషుడు, స్త్రీ, గుర్రం ఎవరికైనా ఒకటే రూపం. లూకా సువార్తలో ‘నా ఆత్మ... ఆనందించెను’ అన్నప్పుడు లింగప్రసక్తే రాదు. వాడుక భాషకు వచ్చేసరికి ‘నడిపిస్తాడు’, ‘నడిపిస్తుంది’ అని ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. అందుకే పాత పాఠాన్ని నేటి తెలుగులోకి మార్చేటప్పుడు ఒకే పుటలో ‘పరిశుద్ధాత్మ నడిపిస్తుంది’, ‘ఆయన ఆదరిస్తాడు’ అని కలగాపులగం అవుతుంది. నా సలహా ఏమిటంటే, దేవుని ఆత్మకు ‘ఆయన’, మహద్వాచక క్రియ; మనిషి ఆత్మకు ‘అది’, అమహద్వాచక క్రియ. ‘నడిపిస్తారు’ అని గౌరవ బహువచనం వాడాలా అన్నది అభిరుచికి సంబంధించినది. ‘ఆయన’ పక్కన ఏకవచన క్రియ తెలుగు బైబిలు సంప్రదాయంలో స్థిరపడి ఉంది కనుక నాకు అదే నచ్చుతుంది.

చివరి ప్రశ్నకు జవాబు క్లుప్తంగా చెబుతాను. ‘స్వతంత్ర’ విశేషణం, దాని భావార్థక రూపం ‘స్వాతంత్ర్యం’. నామవాచకంగా ‘స్వతంత్రం’, ‘స్వాతంత్రం’ అని వ్రాయడం శిష్టరచనలో దోషమే. ‘స్వేచ్ఛ’ అంటే తన ఇచ్ఛ. తన ఇష్టప్రకారం నడవడం అనే ఛాయ అందులో బలంగా ఉంది. స్వాతంత్ర్యాన్ని శారీరక్రియలకు హేతువు చేసుకోవద్దని గలతీయులకు వ్రాసిన పత్రిక ప్రత్యేకించి హెచ్చరించింది కనుక, ‘పాపం నుండి స్వేచ్ఛ’ అన్నప్పుడు మాట భావానికి అడ్డుపడుతుంది. ‘విమోచన’ వెల చెల్లించి విడిపించడం. సిలువను గురించి చెప్పేటప్పుడు అది తగినది. పాపం పట్టు నుంచి బయటపడటాన్ని చెప్పడానికి, 8వ అధ్యాయం 2వ వచనంలోని ‘విడిపించెను’కు దగ్గరగా ఉన్న ‘విడుదల’ చాలు. బయటపడిన తర్వాత ఉండే స్థితిని చెప్పడానికి ‘స్వాతంత్ర్యం’ వాడండి. ‘పాపవిముక్తి’ అనే సమాసం కూడా నిర్దుష్టమైనదే, పంచమీ తత్పురుష.