రాతి గొడ్లచావిడిని నిలుపుకోవడం ఎలా?

ప్రశ్న: నరసరావుపేట దగ్గరి మా పల్లెలో ముత్తాతగారు కట్టించిన రాతి గొడ్లచావిడి ఉంది. రెండడుగుల మందం గోడలు, సున్నంతో కట్టినవి. కొన్నేళ్ల కిందట వాటి అడుగు భాగానికి సిమెంటు పూత వేయించాం. ఇప్పుడు ఆ పూతకు సరిగ్గా పైన రాయి పొరలుగా రాలుతోంది. పడగొట్టి రేకుల షెడ్డు వేద్దామని ఇంట్లోవారు అంటున్నారు. పురావస్తు శాఖ దీనిని రక్షణలోకి తీసుకుంటుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ అవకాశం చాలా తక్కువ. 1958 నాటి కేంద్ర చట్టం కింద రక్షిత కట్టడంగా ప్రకటించాలంటే నూరేళ్ల వయసుతో పాటు జాతీయ ప్రాముఖ్యం కూడా ఉండాలి. 1960లో వచ్చిన రాష్ట్ర చట్టం వేరుగా ఉన్నా, ఆ నీడ ఎక్కువగా గుళ్లకు, కోటలకు, బౌద్ధ స్థలాలకే దక్కింది. ఇంగ్లండులో గ్రేట్ కాక్స్‌వెల్ అనే ఊళ్లో మధ్యయుగాల మఠంవారు ధాన్యం నిల్వకు కట్టిన రాతి కొట్టును నేషనల్ ట్రస్ట్ అనే అక్కడి వారసత్వ పరిరక్షణ సంస్థ నేటికీ కాపాడుతోంది. మన రైతు కట్టుకున్న చావిడికి అటువంటి మన్నన దక్కకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది. 1984లో ఏర్పడిన ఇంటాక్ సంస్థ పాత కట్టడాల వివరాలను నమోదు చేస్తుంది గానీ, ఆ నమోదుతో చట్టపరమైన రక్షణ రాదు. కనుక ఈ బాధ్యత మీ కుటుంబానిదే, పడగొట్టవలసిన అవసరం మాత్రం మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు.

మీరు చెప్పిన గుర్తులను బట్టి దోషం రాతిది కాదు, సిమెంటుది. తరాలుగా గొడ్ల మూత్రం ఇంకిన నేలలో లవణాలు పేరుకుని ఉంటాయి. అవి చెమ్మతో పాటు గోడలోకి ఎక్కుతాయి. మునుపు ఆ చెమ్మ రాళ్ల మధ్య సున్నపు అతుకుల గుండా ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసివేయడంతో అది పూత పై అంచు దాకా ఎగబాకి అక్కడ ఆరుతోంది, ఆరినచోట లవణాలు గట్టిపడి రాయి పొరలను బయటికి నెడుతున్నాయి. అక్కడ వేలితో రాసి చూడండి, తెల్లని పొడి అంటుతుంది.

సిమెంటును చిన్న ఉలితో, రాయి అంచులు చెదరకుండా తీయించండి. పిడుగురాళ్ల సున్నాన్ని తడిపి బాగా నాననిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక కలిపి అతుకులు నింపించండి. ఎండకు తొందరగా ఆరితే సున్నం పట్టు తప్పుతుంది. అందుకే వానలు వెళ్లాక, కార్తీకం తరువాత ఈ పని పెట్టుకుని, తడి గోనెపట్టాలు కప్పి ఉంచండి. వాననీరు గోడ మొదట్లో నిలవకుండా నేలను బయటికి వాలుగా చేయించండి.

పైకప్పు దూలాలు గోడలో దిగినచోట కత్తిమొనతో గుచ్చి చూడండి. మొన సులువుగా దిగితే ఆ చివర పుచ్చినట్టే. దూలమంతా మార్చనక్కరలేదు, పాడైన మేరకు కోసి, అక్కడ పాత టేకు ముక్క అతికించమని వడ్రంగికి చెప్పండి.